పిల్లలు ఏం చదివారో ఎవరికీ చెప్పకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖ సంచాలకులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల చైర్మన్లకు, కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటూ ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరైనదాన్ని. కొత్త భవనాలు కట్టమనో, ఖాళీలు భర్తీ చేయమనో, స్థానిక సంస్థలు బకాయి పడ్డ గ్రంథాలయ సెస్సు రాబట్టమనో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అవన్నీ కావలసినవే. వాటి గురించి అడిగేవాళ్లు ఉన్నారు. నేను అడుగుతున్నది పెద్దగా ఖర్చు లేనిది. మన గ్రంథాలయానికి వచ్చే పిల్లలు ఏ పుస్తకం తీశారో, కంప్యూటర్లో ఏం వెతికారో, ఏ వేళకు వచ్చి ఏ వేళకు వెళ్లారో బయటివాళ్లెవరికీ తెలియకూడదు. ఆ మాట ఒక ఉత్తర్వుగా, సంతకంతో, ప్రతి శాఖకూ చేరేలా ఇవ్వండి.

ఇంత చిన్న విషయానికి ఉత్తర్వు దేనికి అనిపించవచ్చు. గేటు దగ్గరి రిజిస్టరుతో మొదలుపెడతాను.

బల్ల మీద లావుపాటి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. వరస నంబరు, పేరు, వీధి, ఫోన్ నంబరు, వచ్చిన టైము, సంతకం. తొమ్మిదో తరగతి పిల్ల వస్తుంది. పైవాళ్లు ఎలా రాశారో చూసి తనూ అలాగే రాస్తుంది. ఫోన్ గడిలో వాళ్లమ్మ నంబరు వేస్తుంది, ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే కాబట్టి. వెనకాలే వచ్చినవాడు సంతకం పెట్టే వంకతో పేజీని పైనుంచి కిందిదాకా చదువుతాడు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు ఆ పేజీని సెల్‌ఫోన్‌తో ఫోటో తీస్తుంటే పట్టుకుని ఆపాను. మర్నాటి నుంచి ఫోన్ గడి నింపవద్దని పిల్లలకు చెప్పాను. తరవాత తనిఖీకి వచ్చిన అధికారి ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన మంచి మనిషి, శ్రద్ధగా విన్నారు. కానీ ఆ నమూనా మార్చే అధికారం ఆయనకూ లేదు, నాకూ లేదు. మీకుంది.

రోజుకు ఎంతమంది వచ్చారో శాఖకు తెలియాలి, నిజమే. దానికి సంఖ్య చాలు. పిల్లలు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు అని కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లు గీతలు గీసుకుంటే నెల నివేదికకు సరిపోతుంది. పదమూడేళ్ల పిల్ల ఏ వీధిలో ఉంటుందో, సాయంత్రం ఎన్నింటికి ఒంటరిగా ఇంటికి నడిచి వెళుతుందో ఊళ్లో అందరూ చదువుకునేలా బల్ల మీద పరిచిపెట్టడం ఏ లెక్కకూ అవసరం లేదు.

ఇక పుస్తకాల సంగతి. పిల్లలు మనసులో ఉన్నది నేరుగా అడగరు. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే. బీరువా చుట్టూ రెండుసార్లు తిరుగుతారు. కావలసిన పుస్తకాన్ని రెండు కథల పుస్తకాల మధ్య పెట్టి తెస్తారు. అడగక తప్పకపోతే "ప్రాజెక్టు వర్కు కోసం మేడం" అంటారు. ఒంట్లో వస్తున్న మార్పుల గురించి, నెలసరి గురించి తెలుసుకోవాలన్నా ప్రాజెక్టు వర్కే. రాత్రిళ్లు తనకు జరుగుతున్నది ఏదో రోగమేమోనని హడలిపోతున్న మగపిల్లాడికీ ప్రాజెక్టు వర్కే. తాగొచ్చి అమ్మను కొట్టే నాన్న మీద ఎవరికి చెప్పాలి, మా కులం వాళ్లను ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఎందుకు నిలబెడతారు, దేవుడు లేడంటే తప్పా అన్న ప్రశ్నలు కూడా ఆ పేరుతోనే మా బల్ల దగ్గరకు వచ్చాయి. నేనెప్పుడూ ఏ బడి, ఏ టీచరు అని ఆరా తీయలేదు. పుస్తకం ఎక్కడుందో చూపించాను.

ఒక పదో తరగతి అమ్మాయి పెళ్లి చట్టాల పుస్తకం కావాలంది. అదీ ప్రాజెక్టుకే. మా దగ్గర ఉన్న చిన్న న్యాయ పుస్తకం తీసిచ్చాను. ఇంటికి తీసుకెళ్లనంది. రీడింగ్ హాల్లో చివరి బెంచీ మీద, గోడ వైపు తిరిగి కూర్చుని చదువుకుంది. చదివాక పుస్తకాన్ని ఎక్కడినుంచి తీశానో సరిగ్గా అక్కడే పెట్టింది. ఆ పుస్తకంలో 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ఉంది, వెనక అట్ట లోపలివైపు చైల్డ్‌లైన్ 1098 నంబరు నేనే రాసి పెట్టాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్న పిల్ల ఆ చట్టం గురించి ఎక్కడ తెలుసుకోవాలి? ఇంట్లో ఫోను అన్నయ్య చేతిలో ఉంటుంది. బళ్లో అడిగితే సాయంత్రానికి ఇంటికి తెలుస్తుంది. మిగిలింది మన గ్రంథాలయం. అక్కడ కూడా తన పేరు పక్కన ఆ పుస్తకం పేరు రాసిపెడతారని తెలిస్తే ఆ పిల్ల గుమ్మం ఎక్కదు.

అందుకే తాళం వేసిన బీరువాలంటే నాకు కోపం. పుస్తకాలు పోతే జీతంలోంచి కడతామన్న భయంతో గ్రంథపాలకులు తాళాలు వేస్తారు. ఆ భయం నాకు తెలుసు, అది అన్యాయమైన భయం కాదు. కానీ తాళం ఉన్న బీరువాలోని పుస్తకం కావాలంటే నిండు హాల్లో, పేపర్లు చదువుకుంటున్న పెద్దమనుషుల మధ్య, పేరు పెట్టి గట్టిగా అడగాలి. అటెండరు తాళంచెవి వెతుకుతూ "ఏ పుస్తకం పాపా?" అని ఇంకోసారి అడుగుతాడు. అలా అడగలేని పిల్లకు ఆ పుస్తకం మన దగ్గర లేనట్టే. ఆరోగ్యం, ఎదిగే వయసు, చట్టాలు, హక్కులు, ఈ నాలుగు రకాల పుస్తకాలనైనా పిల్లల చేతికందే ఎత్తులో, తెరిచిన అరల్లో పెట్టించండి. పోయే పుస్తకాలకు శాఖ తరఫున కొంత మినహాయింపు ఇవ్వండి. అలాంటి పుస్తకం ఒకటి పోయిందంటే ఎవరికో అది అంత అవసరమైందని నేను అనుకుంటాను.

ఇక ఇష్యూ రిజిస్టరు. మన ఊళ్లలో పిల్లల విషయాలు బయటపడేది దొంగల వల్ల కాదు, మొహమాటం వల్ల. బాబాయి వస్తాడు, "మా అమ్మాయి రోజూ ఇక్కడికొస్తోందట, ఏం పుస్తకాలు తీసుకెళుతోందండీ, ఒకసారి చూడండి" అంటాడు. మాస్టారు వస్తారు. పిల్లకు సంబంధం చూస్తున్నవాళ్ల తరఫు మనిషి కూడా వస్తాడు, ఇది నేను చూసిన సంగతే. వాళ్లంతా తెలిసినవాళ్లు, గ్రంథాలయానికి కుర్చీలూ ఫ్యాన్లూ ఇచ్చినవాళ్లు. కాదంటే "ఇందులో దాచాల్సిందేముంది?" అంటారు. ఎదురుగా కూర్చున్నది చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్న చిన్న ఉద్యోగి. ఊరి పెద్దమనిషికి ఎదురుచెప్పి ఆ ఊళ్లోనే బతకాలి. అతనికో ఆమెకో "రూలు ఒప్పుకోదండీ" అని గోడ మీది కాగితం చూపించే వీలుంటే చాలు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఆ కాగితం పైనుంచి రావాలి.

నిజానికి గ్రంథాలయ శాస్త్రానికి ఇది కొత్త ఆలోచనేం కాదు. మేం చదువుకున్న రోజుల్లో బ్రౌన్ పద్ధతి అని నేర్పేవారు. నీనా బ్రౌన్ అనే అమెరికా గ్రంథపాలకురాలు 1895 ప్రాంతంలో రూపొందించింది. పాఠకుడికి ఒక టికెట్ ఉంటుంది, చిన్న అట్ట జేబులా. పుస్తకంలో ఒక కార్డు ఉంటుంది. పుస్తకం ఇచ్చేటప్పుడు కార్డు తీసి టికెట్ జేబులో దోపి, గడువు తేదీ వెనక ట్రేలో నిలబెడతాం. పుస్తకం తిరిగిరాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్ పాఠకుడి చేతికి వెళ్లిపోతాయి. ఆ రోజు ఎన్ని పుస్తకాలు వెళ్లాయో కార్డులు లెక్కపెట్టి రాసుకుంటాం. ఎవరు ఏం చదివారన్న రాత మాత్రం ఎక్కడా మిగలదు. రిజిస్టరు అలా కాదు. పదేళ్ల కిందట ఎవరి పిల్ల ఏం చదివిందో కూడా తిరగేసి చెప్పేస్తుంది. పని తేలికని చాలాచోట్ల రిజిస్టరుకు అలవాటు పడ్డాం.

ఇప్పుడు కంప్యూటర్లు వస్తున్నాయి. సంతోషమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ, న్యూజిలాండ్‌లో పుట్టి అందరికీ ఉచితంగా దొరికే కోహా లాంటి సాఫ్ట్‌వేర్‌లతో పని సులువవుతుంది. కానీ రిజిస్టరు ఒక ఊరి బీరువాలోనే ఉంటుంది, కంప్యూటరు లెక్క జిల్లా అంతా ఒక్కచోట చేరుతుంది. ఎవరో ఒక్క మీట నొక్కితే ఒక పిల్లవాడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివినవన్నీ వరసగా వచ్చేస్తాయి. పుస్తకం తిరిగిరాగానే చదివినవారి పేరును ఆ లెక్కలోంచి తీసేసే ఏర్పాటు కోహాలో ముందునుంచే ఉంది. దాన్ని ఆన్ చేయించాలి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఆ ఏర్పాటు ఉందా లేదా అని టెండరు కాగితంలోనే అడగండి. గడువు దాటిన పుస్తకాలు, జరిమానా బాకీలు మాత్రం ఉంచుకుంటే చాలు. పిల్లలు వాడే కంప్యూటర్లలో ఒకరు లేవగానే వాళ్లు వెతికినవి చెరిగిపోవాలి. ఇప్పుడు చాలాచోట్ల ఒకరి తరవాత ఒకరు అదే తెర ముందు కూర్చుంటారు, ముందువాళ్లు తెరిచిన మెయిలు కూడా అలాగే ఉంటుంది.

చట్టం సంగతి చెప్పకుండా ఉండలేను. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. అది ఓటు వయసు వచ్చాక మొదలయ్యే హక్కని ఎక్కడా అనలేదు. మన దేశం 1992 డిసెంబరులో అంగీకరించిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యత గురించి, దాని పక్కనే 17వది సమాచారం అందుబాటు గురించి మాట్లాడతాయి. ఆ 17వ దాంట్లో పిల్లల పుస్తకాల ప్రస్తావన కూడా ఉంది. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉండడం నాకెంతో సబబుగా అనిపిస్తుంది. ఒకటి లేకుండా రెండోది పిల్లలకు పనికిరాదు. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల కదలికల మీద, ప్రవర్తన మీద కన్నేసి ఉంచడాన్ని 9వ సెక్షన్‌లో నిషేధించింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. దశలవారీగా అమలవుతున్నాయి. అయితే ఒక మెలిక ఉంది. ఆ చట్టం కంప్యూటరెక్కిన సమాచారానికే వర్తిస్తుంది. గేటు దగ్గరి కాగితపు రిజిస్టరు, దాన్ని ఎవరైనా కంప్యూటర్లోకి ఎక్కించేదాకా, దాని కిందకు రాదు. 1960 నాటి మన గ్రంథాలయాల చట్టం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు గురించి, సంస్థల నిర్మాణం గురించి వివరంగా రాసుకుంది. పాఠకుడి గోప్యత ఆ రోజుల్లో చట్టాలు రాసినవారి ఆలోచనలోకి రాలేదు. అందుకని ఈ ఖాళీని పూడ్చే పని మీ శాఖ మీదే ఉంది.

సభ్యత్వానికి పిల్లల ఆధార్ జెరాక్సు అడిగే అలవాటు కూడా మానిపించండి. ఆధార్ లేదని ఏ బిడ్డకూ ప్రయోజనం నిరాకరించకూడదని, బడిలో చేర్చుకోవడానికి అది తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. బడికే అక్కర్లేనిది కథల పుస్తకానికి ఎందుకు? ఆ జెరాక్సులు అటకెక్కి, చివరికి పాత కాగితాల కొట్టుకు చేరి పల్లీల పొట్లాలవుతాయి.

"తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. సభ్యత్వం ఫారం మీద సంతకం తల్లిదండ్రులదే, పుస్తకం పోతే కట్టేదీ వాళ్లే. ఐదారేళ్ల పిల్లలు అమ్మ చెయ్యి పట్టుకునే వస్తారు, అక్కడ దాచడానికేమీ ఉండదు. పెద్ద క్లాసుల పిల్లల దగ్గరే చిక్కంతా. నా అభిప్రాయం ఇది: పుస్తకం గడువు దాటిందనో, డబ్బు బాకీ ఉందనో తల్లిదండ్రులకు చెప్పవచ్చు. హైస్కూలు పిల్లలు ఏం చదివారన్నది మాత్రం వాళ్లు తమ బిడ్డను అడిగి తెలుసుకోవాలి, మమ్మల్ని కాదు. ఎప్పుడైనా ఒక తండ్రి అలా అడిగితే నేను "మీరే వచ్చి మీ అబ్బాయితోపాటు ఇక్కడ కూర్చుని చదవండి" అనేదాన్ని. కొందరు వచ్చారు కూడా.

మరో భయం గురించి కూడా చెప్పాలి. గోప్యత పేరుతో ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గాలికి వదిలేయమని నేను అనడం లేదు. ఒక బిడ్డ తన మీద లైంగిక దాడి జరిగిందని చెబితే నోరు మూసుకునే హక్కు మనకు లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. ఆ సంగతి మీ సిబ్బందికి శిక్షణలో నేర్పించండి. కానీ పిల్ల నోటివెంట వచ్చిన మాట వేరు, పిల్ల తీసుకెళ్లిన పుస్తకం వేరు. ఆత్మహత్యల గురించిన నవల చదివినంత మాత్రాన, ప్రేమకథ తీసుకెళ్లినంత మాత్రాన ఇంటికి కబురు పంపితే ఆ బిడ్డ నిజంగా కష్టం వచ్చిన రోజున మన దగ్గరకు రాదు.

మంచి ఉద్దేశంతోనే చేసేవి కొన్ని ఉన్నాయి, వాటినీ చూడండి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉత్తమ పాఠకులకు బహుమతులిస్తాం. మంచిదే. ఒక సభలో ఆ పిల్లలు చదివిన పుస్తకాల జాబితా మైకులో చదవడం చూశాను. వేదిక మీద నిలబడ్డ పిల్ల ముఖం ఎర్రబడిపోయింది. బహుమతి ఇవ్వండి, జాబితా వద్దు. వేసవి శిబిరాల్లో పిల్లల ఫోటోలు తీసి పేరు, తరగతి, ఊరు రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా ఆపించండి. ఫోటో కావాలంటే తల్లిదండ్రులనూ అడగాలి, ఆ పిల్లనూ అడగాలి.

చదువరుల మీద కన్నేసి ఉంచడం ఎలా ఉంటుందో మనకు తెలియని సంగతి కాదు. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 నడిచిన నిజాం రాజ్యంలో, గ్రంథాలయం నడపడమే ఒక సాహసం. 1901లో హైదరాబాదులో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఆ రోజుల్ని దాటుకునే నిలబడింది. అటువైపు 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారూ ఆయన తోటివారూ గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగారు. పుస్తకం మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలని పడవల మీద కూడా పంపించిన జాతి మనది. ఇంత చరిత్ర ఉన్న ఉద్యమం పాఠకుడి గోప్యత గురించి ఒక్క వాక్యం కూడా రాసుకోకపోవడం నాకు బాధగా ఉంది. జపాన్ గ్రంథాలయ సంఘం 1954లో చేసుకున్న స్వేచ్ఛా ప్రకటనను 1979లో సవరిస్తూ, పాఠకుల రహస్యాలు కాపాడడం తమ బాధ్యతని చేర్చుకుంది. అమెరికా గ్రంథాలయ సంఘం 1939 నాటి నీతి నియమావళిలోనే ఆ మాట రాసుకుంది. రంగనాథన్ గారి ఐదు సూత్రాలు నేర్చుకుని ఉద్యోగంలో చేరిన మనవాళ్లకు ఇది అర్థం కాని విషయం కాదు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలంటే, ఆ పుస్తకం అడగడానికి భయం ఉండకూడదు కదా.

పోటీ పరీక్షల వేడి వల్ల చిక్కడపల్లి నగర గ్రంథాలయం మొదలుకొని జిల్లా కేంద్రాల దాకా హాళ్లన్నీ ఉద్యోగార్థులతో నిండిపోయాయి. వాళ్ల అవసరం వాళ్లది, నేను కాదనను. కానీ పిల్లల విభాగం ఎక్కడైనా ఒక మూలకు, పెద్దల దారిలోకి జరిగిపోయి ఉంటే దాన్ని తిరిగి విడిగా పెట్టించండి. తమ వెనక ఎవరు నిలబడి చూస్తున్నారోనన్న బెరుకు లేకుండా పిల్లలు అర ముందు నిలబడగలగాలి.

రాబోయే వేసవి శిబిరాలు మొదలయ్యేలోగా ఈ ఉత్తర్వు వస్తే బాగుంటుంది, కొత్త సభ్యులు ఎక్కువగా చేరేది అప్పుడే. గేటు రిజిస్టరులో పిల్లలకు ఫోన్, వీధి గడులు ఉండకూడదు. పాత ఇష్యూ రిజిస్టర్లు ఆడిట్ అవసరం తీరగానే పద్ధతి ప్రకారం నాశనం చేయాలి, తూకానికి అమ్మకూడదు. పోలీసులు వస్తే నోటిమాట మీద ఇవ్వకుండా, రాతపూర్వక ఆదేశం తీసుకుని జిల్లా కార్యదర్శికి పంపాలి. మిగిలిన అందరికీ ఒకటే జవాబు: రూలు ఒప్పుకోదు. ఆ ఉత్తర్వు ప్రతిని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి కౌంటరు పైన అంటించమనండి, పిల్లలకు కూడా చదివితే అర్థమయ్యే తెలుగులో. ముసాయిదా రాయడానికి మనుషులు కావాలంటే, నాతోపాటు రిటైరైన గ్రంథపాలకులు ప్రతి జిల్లాలోనూ ఉన్నాం. పిలవండి, మా ఖర్చులతో మేమే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు